కదిలినవాడు

పగలు పళ్ళు చేస్తాను.
రాత్రి సిపాయిలు.

బర్స్‌లెమ్‌లో, చల్లారిపోయిన కుండల బట్టీ వెనక లేబొరేటరీలో
ఎవరెవరి దవడలకో పింగాణీ తొడుగులు దిద్ది దిద్ది
అదే పట్టకారు, అదే సూదిమొన చెక్కుపుల్ల
సంచీలో వేసుకుని ఇంటికొచ్చి
బల్లదీపం వెలిగిస్తాను.

పసుపు ముద్ద, నీలం ముద్ద,
వేళ్ళు తడుపుకుని పిసికితే ఆకుపచ్చ.
ఈ పుట్టీకి గడియారం పనికిరాదు, పాకం తెలియాలి.
లేతపాకంలో కండ,
తీగపాకంలో చొక్కా ముడత,
ఉండపాకానికి గుండీలు.
ముదిరిందా, ఇక వాడు నా మాట వినడు.

బొటనవేలంత మనుషులు పన్నెండుమంది, ఒక కంచరగాడిద.
టౌను లైబ్రరీ కిటికీలో నవంబరు నెలంతా ఉంటారట.
టైగ్రిస్ ఒడ్డు, పందొమ్మిది వందల పదిహేడు,
పడవల మీద వంతెన కట్టబోతున్న
మద్రాసు సాపర్లు.

"అందరూ పనిలో ఉండాలి" అని లైబ్రరీవాళ్ళ కాగితం.
సరే. తాడు లాగేవాడు, మేకు కొట్టేవాడు,
మొలలోతు నీళ్ళలో దిగి తిట్టుకునేవాడు.
తుపాకులన్నీ కట్టకట్టి ఇసుకబస్తాల చాటున పడేశాను.
ఒకడు మాత్రం కూచుని పిక్కకు పట్టీ చుట్టుకుంటున్నాడు.
పుట్టీతో పట్టీ. అదీ పనే.
ఎడమకాలిది తిరగేసి చుట్టానని
గట్టిపడ్డాక గానీ చూసుకోలేదు.
ఉండనీ, చీకట్లో లేచిన మనిషి.

రంగు వేసేది హెడ్లీ షెరట్, ఎనభై ఒకటి,
నలభై ఏళ్ళు టీకప్పుల అంచుకు బంగారు గీత గీసినవాడు,
ఊపిరి బిగబట్టి, ఒక్క చుట్టులో.

మా దగ్గరున్నది ఒకే ఫోటో.
పదకొండుమంది కొయ్యల్లా నిలబడ్డారు, పెదాలు కుట్టేసినట్టు.
పన్నెండోవాడు కదిలాడు.
మెడకు పైన వాడికున్నది మసక,
తడిచేత్తో తుడిచిన పలక.

నాకు తోచింది చేశాను, మొహం అటు తిప్పేశాను.
షెరట్ బెండు మీద వాణ్ణి ఇటూ అటూ తిప్పి
మళ్ళీ నా చేతిలోనే పెట్టాడు.
"ఎటు చూస్తున్నాడో నీకు తెలుసా?"
తెలీదు.
"అయితే తెలిసినట్టు తిప్పకు."

తల తుంచేశాను. ఇత్తడి తీగ నిలబడింది.
మూడు రాత్రులు.
ఎవరన్నా పిలిచారా? ఏ పేరుతో?
గాడిద తోక విసిరిందా?
ఫోటో తీసేవాడు నల్లగుడ్డలో దూరి
కదలొద్దు కదలొద్దని ఇంగ్లీషులో అరుస్తుంటే
పక్కవాడు గొంతులోనే, పెదవి కదపకుండా
తెలుగులో ఏమన్నా అన్నాడా?

అదీ. అదే అయ్యుంటుంది.

గడ్డం గీసుకునే అద్దం తెచ్చుకుని దాని ముందు నవ్వాను,
నవ్వుకు ముందుగా ఏ కండ లేస్తుందో చూద్దామని.
రాత్రి ఒంటిగంట. పక్కగదిలోంచి మేదిని:
"అమ్మా, ఎవరితో ఫోను?"
సిపాయితో. పడుకో.

బుగ్గ లేచింది, కన్ను చిన్నదయింది.
నోరు తెరిచాక ఇక తప్పేదేముంది,
రోజంతా చేసే పనే.
ఇసుకరేణువంత పన్ను,
పై వరస, ముందుది, కాస్త వంకర.
పగటి పనిలో వంకర నన్నెవరూ చెయ్యనివ్వరు.

షెరట్ మూడు వెంట్రుకల కుంచె ముంచాడు.
ఊపిరి బిగబట్టాడు. నేనూ.
తెలుపు, ఒక్క చుక్క.

కిటికీ ముందు జనం గొడుగులు మూసి ఆగుతున్నారు.
పిల్లలు గాడిదను చూస్తారు.
ఒకాయన తాళ్ళ ముడులు తప్పన్నాడు, నిజమే కావచ్చు.
భూతద్దం లేనిదే ఆ పన్ను ఎవరికీ కనపడదు.

వాడి పక్కనే
పట్టీ తిరగేసి చుట్టుకుంటున్నవాడు
ఏమీ ఎరగనట్టు
తన కాలే చూసుకుంటున్నాడు.